పై అధికారుల యెదుట: మాట, లెక్క, మర్యాద

అనంతపురము నుండి బెంగుళూరు పోవు పెద్ద బాటపై దక్షిణముగా కొద్ది మైళ్లు సాగగానే రాప్తాడు వచ్చును. ఇరువైపుల ఎర్ర నేలలు, నడుమ నడుమ రాతి గుట్టలు. ఆగస్టు, సెప్టెంబరు మాసములలో ఆ బాటపై పోవువారికి వేరుశనగ చేలు పచ్చగా కానవచ్చును. కారు అద్దములోనుండి చూచిన క్రొత్తవారు “పంట బాగుగనే యున్నదే” అనుకొందురు. కాని ఊడలు దిగు వేళకు వాన మొగము చాటు చేసిన యేడు ఆ పచ్చదనము క్రింద కాయ యుండదు. ఆకు ఒక మాట చెప్పును, వేరు మరియొక మాట చెప్పును. నిజమెరుగుటకు దారి యొక్కటే: చేనిలోనికి దిగి మొక్కను పెరికి చూచుట.

అట్టి యేడు ఆ బాట ప్రక్కన కొన్ని కార్లు ఆగును. జిల్లా కలెక్టరు రావచ్చును. ఢిల్లీ నుండి కరువు పరిశీలనకు కేంద్ర బృందమే రావచ్చును. వారి వెనుక వ్యవసాయ శాఖవారు, వారి వెనుక తహశీలుదారు, ఆయన వెనుక గ్రామ వ్యవసాయ సహాయకుడు, గట్టుమీద రైతు. ప్రతివానికి పైన ఒకరున్నారు. ఉన్న సమయము పావుగంట. ఆ పావుగంటలో ఎవరేమి చెప్పిరన్న దానిపై పశువుల మేత, రైతుకు రావలసిన సాయము, మరుసటి కారుకు విత్తనము ఆధారపడి యుండును.

ఇట్టి తరుణమున రైతు ఒకడు ముందుకు వచ్చి, “రోడ్డు మీది నుంచి చూస్తే పచ్చగానే కనపడతాది సామీ. రాండి, చెట్టు పెరికి చూపిస్తా” అనును. వరుసగా పది మొక్కలు పెరికి, మన్ను దులిపి, గట్టున పేర్చును. ఎన్ని కాయలు గట్టిపడినవో, ఎన్ని బొక్కలో వారిచేతనే లెక్క పెట్టించును. ఏడ్వడు, తిట్టడు, పొగడడు. పై అధికారితో పనిచేయు విద్య యంతయు ఆ పని యందే కలదని మా తలంపు. ఈ వ్యాసమున ఆ విద్యనే కొంత విప్పి చెప్పుటకు యత్నించెదము.

ఇది ఉద్యోగముల కాలము. ఇంటింట ఒకరైనను ఏదో యొక కార్యాలయమున, పాఠశాలలో, కర్మాగారమున పై అధికారి యెదుట నిలువవలసినవారే. “పెద్దవారితో మెలగుట” అనగానే చాలమంది దానిని తన ఎదుగుదలకు సంబంధించిన యుపాయముగా భావింతురు. అది కొంత నిజమే కావచ్చును. కాని మన మాట నమ్మి పై అధికారి చేయు నిర్ణయము ఎందరినో తాకును. అందుచేత ఈ యలవాట్లు కేవలము మన బాగు కొరకు కావు. మన వెనుక గట్టుమీద నిలుచున్న వారి కొరకు కూడ.

మొదట పై అధికారి స్థితిని గుర్తింపవలెను. ఆయన తెలియనివాడు కాడు, దూరమున నున్నవాడు. దూరపు కొండలు నునుపు అని మనవారు ఊరక అనలేదు. పది మండలముల సంగతులు ఆయన బల్లమీదికి కాగితములై వచ్చును. ఆ కాగితము గ్రామమున పుట్టి, మండలమునకు ఎక్కి, డివిజనుకు ఎక్కి, జిల్లాకు చేరునప్పటికి ఒక్కొక్క మెట్టున ఒక్కొక్క చేయి దానిని నునుపు చేయును. గ్రామమున “కాయ లేదు” అన్న మాట మండలమున “దిగుబడి తక్కువ” యగును, జిల్లాలో “దిగుబడి కొంత తగ్గు సూచనలు కలవు” అని మారును. ఎవడును అబద్ధమాడలేదు. ప్రతివాడును తన పైవానికి మాట కటువుగా నుండరాదని కొంచెము మెత్తబరచినాడు. చివరకు వేరు మాట పోయి ఆకు మాట మిగిలినది.

మన పెద్దలు ఈ విషయమును ఏనాడో ఆలోచించిరి. పాండవులు అజ్ఞాతవాసమునకై విరాటరాజు కొలువునకు పోబోవునప్పుడు, పురోహితుడైన ధౌమ్యుడు వారికి రాజుల యొద్ద మెలగవలసిన తీరు బోధించెను. తిక్కన సోమయాజి తెనిగించిన విరాటపర్వము నందలి యా ఘట్టమును పాఠశాలలో చదివినవారు మన పాఠకులలో పెక్కురుందురు. అనుజ్ఞ లేక లోనికి పోరాదు. తనకు తగని ఆసనము నెక్కరాదు. లోపల విన్న మాట వెలికి పొక్కనీయరాదు. ఏలినవాడు చనువిచ్చెనని పొంగిపోరాదు. ఎండయు వానయు ఆకలియు ఓర్చి పనిచేయవలెను. ఇవి ఆ బోధలోని ముఖ్యాంశములు. వినువారు ఎవరో గమనింపుడు. నిన్నటివరకు తామే రాజులై పరులచేత కొలువు చేయించుకొన్నవారు. ఎంత గొప్పవానికైనను కొలువు వేరుగా నేర్వవలసిన పనియే యని కవి యభిప్రాయమై యుండును.

ఈ నియమములు పైకి కేవలము వంగి యుండుటను నేర్పునట్లు కనిపించును. కాని ఒక్కొక్క దాని వెనుక పనికి సంబంధించిన కారణమున్నది. అనుజ్ఞ గైకొని పోవువాడు అధికారి యొక్క సమయమును గౌరవించినాడు. లోపలి మాట బయట చెప్పనివాని యెదుట అధికారి మనసు విప్పి ఆలోచింపగలడు. చనువునకు పొంగనివాడు మరునాడు చనువు తగ్గినను క్రుంగడు. మర్యాద యనునది వంగుట కాదు. మాట సాగుటకు వేసిన దారి. భారతములోని యా బోధయందే మరియొక ముఖ్యమైన సంగతి కలదు. ప్రియమును హితమును రెండును చెప్పవలెనట. రెండును పొసగనిచో హితమునకే పెద్దపీట వేయవలెనట. ఈ తుది మాటను విడిచి ముందు మాటలనే పట్టుకొన్నవాడు ముఖస్తుతి నేర్చినవాడగును గాని కొలువు నేర్చినవాడు కాడు.

ఇక అలవాట్లలోనికి వత్తము.

చెప్పవలసినది ఏమో ముందే తేల్చుకొనుట మొదటి యలవాటు. మేము ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక కార్యక్రమమును గూర్చి నాలుగు పుటల నివేదిక వ్రాసి పై అధికారి యొద్దకు గొనిపోతిమి. చరిత్ర, కష్టములు, మా శ్రమ, అన్నియు అందున్నవి. ఆయన రెండు నిమిషములు చదివి, కాగితములు బల్లపై నుంచి, “ఇప్పుడు నేనేమి చేయవలెను?” అని అడిగెను. మాకు నోట మాట రాలేదు. నాలుగు పుటలలో ఆ యొక్క వాక్యమే లేదు. నాటినుండి ఏ కాగితమైనను మొదటి రెండు పంక్తులలోనే కావలసినదేదో వ్రాయుట అలవరచుకొంటిమి: అనుమతియా, ధనమా, మనుష్యులా, లేక కేవలము తెలిసియుండుటయేనా? తరువాత కారణము. అటు తరువాత, కావలెనన్నచో వివరము. మన కథ మనకు మొదటినుండి తుది వరకు ప్రియమైనదే. వినువానికి తుది మొదట కావలెను.

రెండవది లెక్క. “చాల నష్టము”, “ఘోరమైన బెట్ట”, “ఎన్నడు నెరుగని కరువు” అను మాటలు వినుటకు బరువుగా నుండును, తూచుటకు బరువుండదు. అనంతపురము జిల్లాలో సాలీనా సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమల చాటున పడి నైరుతి ఋతుపవనము ఇచ్చట బలహీనమై వచ్చును; తూర్పు తీరమునకు దూరమగుటచే ఈశాన్య ఋతుపవనము పూర్తిగా అందదు. అట్టిచోట మొత్తము వర్షమెంతయన్న దానికన్న ఎప్పుడు పడినదన్నది ముఖ్యము. విత్తిన నెల దినములకు పూత, ఆపై ఊడలు దిగుట, ఆపై కాయ ఊరుట. ఆ నడుమ మూడు నాలుగు వారములు నేలలో పదును లేకున్న, తరువాత వాన కురిసినను ఆకు తేరుకొనును గాని కాయ తేరుకొనదు. ఏడాది చివర వర్షపు మొత్తము చూచినవానికి లోటు కనబడకపోవచ్చును. కావున “వర్షము చాలలేదు” అనుటకన్న “విత్తిన నలుబదవ దినము మొదలు ఇరువది యారు దినములు చినుకు లేదు” అనుట మేలు. ఇట్టి వాక్యమును పై అధికారి తన పైవానికి మార్చకుండ అందింపగలడు. నునుపు చేయుటకు వీలులేని మాట అంకె మాట.

ప్రభుత్వపు నిబంధనలు కూడ ఈ త్రోవనే పోవుచున్నవి. 2016 నాటి జాతీయ కరువు మాన్యువల్ ప్రకారము మొదట వర్షపు లోటును, బెట్ట దినములను చూతురు. పిదప విత్తిన విస్తీర్ణము, ఉపగ్రహము చూపిన పచ్చదనము, నేలలోని తేమ, జలాశయముల స్థితి చూతురు. ఆ మీదట ఎన్నుకొన్న గ్రామములలో పొలమునకు పోయి పరీక్షింతురు. పంట నష్టము నూటికి 33 పాళ్లకు మించెనా లేదా యన్నది అచ్చట తేలవలెను. ఉపగ్రహము ఎంత గొప్పదైనను అది చూచునది ఆకునే యని మరువరాదు. ఆకాశమునుండి చూచినదానిని నేలమీద నిలిచినవాడు సరిచూచుటకే యీ మూడవ మెట్టు ఏర్పడినది. గ్రామ సహాయకుడు వ్రాయు చిన్న అంకెకు ఇంత విలువ యున్నది.

మూడవ యలవాటు, చెడువార్తను ముందుగా చెప్పుట. ఇదియే కష్టమైనది. మంచివార్తను మోసికొనిపోవుటకు పదిమంది పోటీ పడుదురు. చెడువార్త మాత్రము “రేపు చూతము” అని బల్ల సొరుగులో నిద్రించును. మనస్సు చెప్పు సాకులు అనేకము. రేపు వాన పడవచ్చును, అధికారి నేడు చిరాకుగా నున్నాడు, మనకన్న ముందు ఇంకెవరైన చెప్పుదురేమో. కాని ఖరీఫ్ కరువును ప్రకటించుటకు మాన్యువల్ అక్టోబరు మాసాంతమును గడువుగా నుంచినది. వేరుశనగ కట్టె పెరికివేయుటయు ఆ దినములలోనే. పంట తీసిన తరువాత చేను సాక్ష్యము చెప్పదు. సెప్టెంబరులో చెప్పిన చెడువార్త కరువు నివేదిక యగును; నవంబరులో చెప్పినది కేవలము నిట్టూర్పు. కార్యాలయమున పద్దు తప్పినను, కర్మాగారమున యంత్రము ఆగునట్లున్నను, ఇదియే ధర్మము. అధికారి ఇతరుల నోట విని మనలను పిలిపించులోపల, మనమే పోయి చెప్పవలెను. తప్పు మనదే యైనచో మరింత త్వరగా చెప్పవలెను.

నాలుగవది, కష్టముతోపాటు ఉపాయమును గొనిపోవుట. గట్టుమీది రైతు కాయలు చూపి ఊరకుండినచో సగము పనియే చేసినవాడగును. “మేత కేంద్రము ఇచ్చట పెట్టిన నాలుగు ఊళ్లకు అందుబాటు, విత్తనము జూన్ మొదటి వారములోపల వచ్చిన పదును దాటదు” అని చెప్పినవాడు అధికారి చేతికి పని నందించినాడు. వీలైనచో రెండు మార్గములు చెప్పి, ప్రతిదానికి ఖర్చెంతో, కష్టమేమో చెప్పి, తనకేది మేలుగా దోచుచున్నదో చెప్పవలెను. నిర్ణయము ఆయనది, దానికి కావలసిన సామగ్రి మనది. ఉపాయము దొరకలేదని చెడువార్తను ఆపరాదు సుమా! అప్పుడు “దారి ఇంకను తోచలేదు, వెదకుచున్నాము, ఎల్లుండి మరల వచ్చి చెప్పుదుము” అనుటయే చాలును. చెప్పిన ఎల్లుండికి పోవలెను.

ఐదవది చిన్న యలవాటు, మేలు మాత్రము పెద్దది. నోటిమాటగా జరిగిన నిర్ణయమును ఆ దినమే నాలుగు పంక్తులలో వ్రాసి పంపుట. “నేడు తమరు సెలవిచ్చినట్లు ఫలానా పని ఫలానా తేదీలోపల చేయుదుము” అని. ఇది అధికారిని కట్టివేయుటకు కాదు. ఆయన అన్నదియు మనము విన్నదియు ఒకటియే యని తేల్చుకొనుటకు. పది పనుల నడుమ ఆయన మరచినను కాగితము మరువదు.

ఇంతవరకు చెప్పినది అధికారి మన మాట వినునప్పటి సంగతి. వినకున్నచో? ఇచ్చట అనంతపురపు చరిత్రనుండియే ఒక యుదాహరణము చూతము.

1800 సంవత్సరమున నిజాము దత్తమండలములను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేయగా, థామస్ మన్రో వాటికి ప్రధాన కలెక్టరై వచ్చి 1807 వరకు పనిచేసెను. అనంతపురమున కచేరి పెట్టెను. అంతకుముందు బారామహలులో అలెగ్జాండర్ రీడ్ అను అధికారి క్రింద సహాయకుడుగా నుండి రెవెన్యూ పని నేర్చినవాడు. గుడారములు వేసికొని ఊరూర తిరిగి, రెడ్లతో, కరణములతో, రైతులతో మాటలాడి లెక్కలు కట్టెను. భూములను కొలిపించి శిస్తు నిర్ణయింపించెను. ప్రజలు మన్రోలయ్య యని పిలిచిన పేరు నేటికిని ఈ సీమలో వినబడును.

అయితే ఆ శిస్తు బరువైనది. మొత్తము పంటలో నూటికి సుమారు 45 పాళ్లు సర్కారునకు పోవును. ఈ సంగతిని పై వారికి చెప్పినవాడు శిస్తు నిర్ణయింపించిన మన్రోయే. 1807 ఆగస్టులో వ్రాసిన నివేదికలో, సర్వే రేట్లను నూటికి 25 పాళ్లు తగ్గింపవలెననియు, బావుల నీటితో సాగగు భూములకు 33 పాళ్లు తగ్గింపవలెననియు సిఫారసు చేసెను. 45లో నాలుగవ వంతు తీసివేసిన మిగులునది 34కు కొంచెము తక్కువ, అనగా పంటలో ఇంచుమించు మూడవ వంతు. అంతకు మించి తీసికొన్న రైతు చేతిలో ఏమియు నిలువదనియు, భూమికి విలువ యేర్పడదనియు ఆయన వాదము. ఖజానాకు కలుగు నష్టమును దాచలేదు. తాను కట్టించిన లెక్కను తానే తగ్గింపుమని అడుగుటకు సంకోచింపలేదు.

పై వారు అంగీకరింపలేదు. మన్రో 1807లోనే సెలవుపై స్వదేశమునకు పోయెను. ఇచ్చట రైతువారీ పద్ధతిని తీసివేసి గ్రామములను మొదట మూడేండ్లకు, తరువాత పదేండ్లకు గుత్తలకిచ్చిరి. గుత్తదారులలో పెక్కురు చెడిరి. పదుమూడేండ్లు గడచినవి. 1820లో మన్రోయే మద్రాసు గవర్నరై వచ్చెను. ఆయన నాడు కోరిన తగ్గింపు అప్పుడు అమలునకు వచ్చెను.

ఈ కథలో రెండు నీతులు కలవు. త్రోసివేయబడిన సలహా మంచి లెక్కతో వ్రాసి యున్నచో చావదు, దస్త్రములో వేచియుండును. తరుణము వచ్చినప్పుడు దానికి మరల ప్రాణము వచ్చును. అంతకన్న ముఖ్యమైనది రెండవది. కాదన్న పై వారిపై కోపించి లెక్కను పాడు చేయుట, పని మందగింపజేయుట, కొలువు గుట్టు వీధిలో పెట్టుట సేవకుని లక్షణము కాదు. అయితే ఈ పదుమూడేండ్లలో నష్టపడినవాడు ఎవడు? మన్రో కాదు, ఎర్ర నేల దున్నిన రైతు. కావున “నా మాట నేను చెప్పితిని, ఇక వారి యిష్టము” అని చేతులు దులుపుకొనుట సులభమేగాని ధర్మము కాదు. మర్యాద తప్పక, క్రొత్త లెక్కతో, తగిన వేళ చూచి మరల అడుగవలెను.

అప్పుడప్పుడు వేచియుండుటకు వీలులేని సందర్భము లుండును. 1876–78 నాటి మహాకరువు అట్టిది. అప్పటికి అనంతపురము వేరు జిల్లా కాదు; బళ్ళారి జిల్లాలోనిది; 1882లో వేరుపడినది. కరువు పనులలో కూలీలకు ఇచ్చు భత్యమును తగ్గింపుమని వైస్రాయి పక్షమున వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 ఆరంభమున నిర్ణయించెను. దినమంతయు రాళ్లు కొట్టు పురుషునకు ఒక పౌను ధాన్యము, దానిపై కొద్దిపాటి డబ్బు. మద్రాసు రాజధాని సానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ ఇది చాలదనెను. టెంపుల్ హోదా యెక్కడ, ఈయన హోదా యెక్కడ!

కార్నిష్ కేవలము దయ తలచి వాదింపలేదు. దక్షిణ దేశ ప్రజల ఆహారమును గూర్చియు, కారాగారముల భత్యమును గూర్చియు అంతకు పూర్వమే పరిశీలించినవాడు. 1871 మద్రాసు జనాభా లెక్కల నివేదిక వ్రాసినవాడు. పనిచేయు మనుష్యునకు ఒకటిన్నర పౌను ధాన్యమును, దానికి తోడు పప్పు, కూరలును కనీసముగా కావలెనని తన శాస్త్రమును, తన లెక్కలను ముందుంచి పత్రములపై పత్రములు వ్రాసెను. ఆ సంవత్సరమే మద్రాసు ప్రభుత్వము భత్యమును పెంచినది. ఆయన కోరినంత పెంచలేదు. పెంచులోపల పోయిన ప్రాణములు తిరిగి రాలేదు. కాని ఆ పత్రములే లేకున్న ఆ మాత్రమైనను పెరిగియుండునా?

ఇందు టెంపుల్ వైపు కూడ చూడవలసిన సంగతి యొకటున్నది. 1874లో బీహారున కరువు వచ్చినప్పుడు ఆయనయే బర్మా బియ్యము తెప్పించి ధారాళముగా ఖర్చుపెట్టి జనమును కాపాడెను. అందుకు ఆయనకు దక్కినది దుబారా చేసెనన్న నింద. మూడేండ్ల తరువాత మద్రాసునకు వచ్చునప్పుడు ఆ నింద ఆయన భుజముపైనే యున్నది. పై అధికారి కఠినముగా మాటలాడినప్పుడు, ఆయన మెడపై ఎవరి చేయి యున్నదో ఆలోచించుట మంచి యలవాటు. అది ఆయన తప్పును ఒప్పు చేయదు. ఒక పౌను ధాన్యము ఒక పౌనే. కాని ఏ భయమునకు సమాధానము చెప్పవలెనో మనకు తెలియును. ఖర్చు భయముగల వానికి దయను గూర్చి చెప్పిన ప్రయోజనము లేదు. ఇప్పటి చిన్న ఖర్చు రేపటి పెద్ద ఖర్చును ఎట్లు తప్పించునో చెప్పవలెను.

నేడు రాప్తాడు పరిసర గ్రామముల యువతీయువకులు కచేరీలలోనే కాక కర్మాగారములలోను, బెంగుళూరు సంస్థలలోను పనిచేయుచున్నారు. ఇదే బాటపై పెనుకొండ సమీపమున ఎర్రమంచి వద్ద దక్షిణ కొరియా వారి కియా కార్ల కర్మాగారము 2019లో ఉత్పత్తి ప్రారంభించినది. పరభాష, పరదేశపు అధికారి, తెరమీద జరుగు సమావేశము, ఇవన్నియు పల్లెనుండి పోయిన బిడ్డకు మొదట బెదురు కలిగించును. ఇంట పెద్దలు “పైవానికి ఎదురు చెప్పకు నాయనా” అని చెప్పి పంపుదురు. ఆ మాటలో ప్రేమ కలదు, అనుభవము కలదు. కాని దానికి ఇంకొక మాట చేర్చి పంపుట మంచిది: “ఎదురు చెప్పకు, కాని ఉన్నది చెప్పు.” ఎదురు చెప్పుట వేరు, ఉన్నది చెప్పుట వేరు. యంత్రము వేడెక్కుచున్నదని తెలిసియు నోరు మూసికొన్నవాడు వినయవంతుడు కాడు. భాష రాకున్న అంకె వచ్చును. అంకె అన్ని దేశములవారికి అర్థమగును. తెలియనిది అడిగినప్పుడు “తెలియదు, కనుగొని చెప్పుదును” అనుటయు సిగ్గుపడవలసిన మాట కాదు.

పై అధికారులు కూడ ఈ పుటలు చదువుదురు గనుక వారికి ఒక్క విన్నపము. చెడువార్త తెచ్చినవానిని మొదటిసారి కసరినచో రెండవసారి ఆ వార్త మీ గుమ్మము తొక్కదు. మీ చుట్టును అన్నియు బాగుగనే యున్నవన్న మాటలే వినవచ్చుచున్నచో, అన్నియు బాగుగ నున్నవని కాదు, మీ యొద్ద నిజము చెప్పుటకు వెరచుచున్నారని అర్థము. కారు దిగి, గట్టు దాటి, మీ చేతులతో ఒక మొక్కను పెరుకుడు. మీ క్రిందివారు అది చూతురు. మరుసటి యేడు వారే ముందుగా పెరికి తెత్తురు.

అక్టోబరు ఎండలో ఆ గట్టుమీద పేర్చిన పది మొక్కలు సాయంకాలమునకు వాడిపోవును. కార్లు వెళ్లిపోవును. రైతు చెప్పిన మాటను సహాయకుడు వ్రాసికొన్నాడా? వ్రాసినదానిని తహశీలుదారు మార్చకుండ పంపెనా? పంపినదానిని కలెక్టరు ఢిల్లీవారి యెదుట అట్లే చదివెనా? ఈ గొలుసులో మన లంకె యేదియో, అందు మాట జారిపోకుండ పట్టుకొన్నామా లేదా, యని ప్రతి యుద్యోగియు పని ముగించి ఇంటికి పోవునపుడు ఒక్కమారు తన్ను తాను ప్రశ్నించుకొనిన చాలును.